పెరటి కోళ్లు: గూడు, దాణా, గుడ్లు, గొడవలు – తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్ట ఈకలు పీకినా, గుడ్డు పగలగొట్టి తాగినా, ఉన్నట్టుండి గుడ్లు మానేసినా చాలామంది మొదట అడిగేది "ఏ మందు వేయాలి?" అనే. పెరటి కోళ్ల విషయంలో దానికంటే ముందు చూసుకోవాల్సినవి నాలుగున్నాయి: చోటు సరిపోతోందా, నీళ్లు అందుతున్నాయా, దాణా వయసుకు తగినదేనా, రాత్రి గూట్లో గాలి ఆడుతోందా. కింది జవాబుల్లో మందు మాట ఎప్పుడూ ఈ నాలుగింటి తర్వాతే వస్తుంది.

కొత్తగా మొదలుపెడుతున్నాం. ఎన్ని కోళ్లు, ఎంత చోటు?

కనీసం మూడు పెట్టలు. కోడి మందలో బతికే ప్రాణి. ఒంటరిగా ఉంచితే మేత తగ్గిస్తుంది, రోజంతా అరుస్తుంది. రెండే ఉంచితే, ఒకటి పోయిన రోజున మిగిలింది ఒంటరిదవుతుంది.

గూటి లోపల కోడికి 3–4 చదరపు అడుగులు, బయట తిరిగే కంచెలో 8–10 చదరపు అడుగులు ఉండాలి. రాత్రి వాలే కర్ర మీద ఒక్కోదానికి 8–10 అంగుళాల పొడవు కావాలి. కర్ర సుమారు 2 అంగుళాల వెడల్పుతో, అంచులు నున్నగా ఉంటే మంచిది. నేల నుంచి అడుగున్నర, రెండడుగుల ఎత్తు చాలు. అంతకంటే ఎత్తు నుంచి బరువైన కోళ్లు దూకితే అరికాళ్లు దెబ్బతింటాయి. గుడ్లు పెట్టే పెట్టె 12 అంగుళాల పొడవు, వెడల్పు, ఎత్తుతో నాలుగైదు పెట్టలకు ఒకటి సరిపోతుంది. మీరు ఎన్ని పెట్టెలు పెట్టినా అన్నీ ఒకే పెట్టె కోసం క్యూ కడితే కంగారు పడకండి, అది వాటి అలవాటు.

ఈ కొలతల దగ్గర రాజీ పడొద్దని గట్టిగా చెబుతున్నాం. కింద చదవబోయే గొడవల్లో సగం ఇరుకు చోటు నుంచే పుడతాయి.

కోళ్లు గుడ్ల పెట్టెలోనే నిద్రపోతున్నాయి. ఎలా మాన్పించాలి?

కోడి రాత్రిపూట దొరికిన వాటిలో ఎత్తైన చోటు ఎక్కుతుంది. గుడ్ల పెట్టె వాలే కర్ర కంటే ఎత్తులో ఉంటే అక్కడే పడుకుంటుంది, తెల్లారేసరికి పెట్టె రెట్టతో నిండుతుంది. కర్రను పెట్టె కంటే కనీసం 6 అంగుళాలు పైకి బిగించండి. సాయంత్రం పెట్టెలకు అడ్డు పెట్టి, పెట్టలు గుడ్లకు దిగకముందే, పొద్దున్నే తీసేయండి. చీకటి పడ్డాక పెట్టెలో ఉన్నవాటిని ఎత్తి కర్ర మీద కూర్చోబెట్టండి. వారం పది రోజుల్లో అలవాటు పడతాయి.

గూడు కంపు కొడుతోంది, కళ్లు మండుతున్నాయి.

అది అమ్మోనియా. మీరు నిలబడ్డప్పుడు కళ్లు మండుతున్నాయంటే, రాత్రంతా అక్కడే ఉండే కోడికి ఊపిరితిత్తులు, కళ్లు ఎప్పుడో దెబ్బతినడం మొదలైనట్టే. కారణం రెట్టలో తడి, పైన గాలి దారి లేకపోవడం. వరిపొట్టు గానీ రంపపు పొట్టు గానీ 4 అంగుళాల మందాన పరిచి, వారానికి రెండుసార్లు తిరగేయండి. గుప్పెడు తీసి పిండితే ముద్ద కట్టకూడదు. కట్టిందంటే ఆ తడి భాగాన్ని తీసేసి పొడిది వేయండి. గాలి కిటికీలు కోళ్లు వాలినప్పుడు వాటి తలల కంటే పైన ఉండాలి. ఈదురుగాలి నేరుగా ఒంటికి తగలకూడదు కానీ వేడి, తేమ పైనుంచి బయటికి పోవాలి. చలి కాలంలో గూటిని అన్ని వైపులా మూసేయడం చాలా చోట్ల చలి కంటే ఎక్కువ హాని చేస్తోంది.

దాణా ఏ వయసుకు ఏది? ఎంత?

మొదటి 8 వారాలు 18–20 శాతం మాంసకృత్తులున్న స్టార్టర్. అక్కడి నుంచి 18 వారాల దాకా సుమారు 16 శాతం ఉన్న గ్రోయర్. ఆ తర్వాత, లేదా మొదటి గుడ్డు కనబడగానే, 16–18 శాతం మాంసకృత్తులు, 3.5–4 శాతం కాల్షియం ఉన్న లేయర్ దాణా. పిల్లలకు లేయర్ దాణా పెట్టకండి. గుడ్డు పెట్టని ఒంటికి అంత కాల్షియం అక్కర్లేదు, మూత్రపిండాలు పాడవుతాయి.

గుడ్లు పెట్టే పెట్ట రోజుకు 100–120 గ్రాములు తింటుంది, పావు లీటరు దాకా నీళ్లు తాగుతుంది. ఎండల్లో ఆ నీళ్లు రెట్టింపవుతాయి. వంటింటి మిగుళ్లు, నూకలు, గింజలు అన్నీ కలిపి మొత్తం మేతలో పదో వంతు దాటకూడదు. గింజలు ఇష్టంగా తింటాయని అవే పోస్తూ పోతే ఒంటికి కొవ్వు పడుతుంది, గుడ్లు తగ్గుతాయి.

దాణా కాకుండా గింజ, గడ్డి ఏది తిన్నా కందనకాయలో నూరుకోవడానికి గరుకు ఇసుక, చిన్న రాళ్లు కావాలి. బయట తిరిగే కోళ్లు వాటంతట అవే ఏరుకుంటాయి. గూట్లోనే ఉండేవాటికి చిన్న గిన్నెలో వేరుగా పెట్టండి.

ఏవి పెట్టకూడదు?

బూజు పట్టిన గింజలు అన్నిటికంటే ప్రమాదం, వాటిలోని అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని తినేస్తుంది. ఉడకని ఎండు చిక్కుడు జాతి గింజలు, పచ్చబడిన ఆలుగడ్డ తొక్కలు, అవకాడో తొక్క, టెంక, చాక్లెట్, ఉప్పు ఎక్కువగా ఉన్నవి కూడా వద్దు.

బాగా పెడుతున్న కోళ్లు గుడ్లు మానేశాయి. ఎందుకు?

ఒక్కో గుడ్డు తయారవడానికి సుమారు 25 గంటలు పడుతుంది. అందుకే ఎంత మంచి పెట్టయినా ప్రతి రోజూ పెట్టదు, మధ్యలో ఒక రోజు ఆపుతుంది. అంతకు మించి ఆగిందంటే ఈ వరుసలో చూడండి.

ముందు నీళ్లు. కొన్ని గంటలు నీళ్లు లేకపోయినా గుడ్ల వరుస తెగుతుంది. డబ్బా బోర్లా పడిందా, నీళ్లు వేడెక్కి తాగడం మానేశాయా చూడండి. తర్వాత వెలుతురు. పెట్టకు రోజుకు 14–16 గంటల వెలుతురు ఉంటేనే ఒంట్లో గుడ్డు యంత్రాంగం పూర్తి జోరుగా నడుస్తుంది. పగలు కురచయ్యే నెలల్లో తగ్గడం సహజం. బల్బు పెట్టదలిస్తే సాయంత్రం కాకుండా తెల్లవారుజామున పెట్టండి. సాయంత్రం బల్బు ఠక్కున ఆరితే కోళ్లు చీకట్లో కర్ర దొరక్క నేల మీదే ఉండిపోతాయి.

మూడోది ఈకలు రాల్చే కాలం. ఏడాది దాటిన కోళ్లు పాత ఈకలు వదిలి కొత్తవి తొడుగుతాయి. ఇది 8–12 వారాలు సాగుతుంది. ఈకలో దాదాపు 85 శాతం మాంసకృత్తే కాబట్టి గుడ్డుకు మిగలదు. ఈ రోజుల్లో 18–20 శాతం మాంసకృత్తుల దాణా పెట్టండి. కొత్త ఈక మొలకలు ముట్టుకుంటే నొప్పి పుడుతుంది కనుక ఆ కోళ్లను చేతుల్లోకి తీసుకోకండి.

ఇవేవీ కాకపోతే పెరట్లో పొదల కింద, కట్టెల వెనక వెతకండి. బయట తిరిగే పెట్ట చాటుగా గుడ్లు పెట్టుకుంటుంది, ఒక్కోసారి డజను దొరుకుతాయి. నాలుగైదు రోజులు మధ్యాహ్నం దాకా గూట్లోనే ఉంచితే మళ్లీ పెట్టెకు అలవాటు పడుతుంది. ఇక వయసు: మొదటి రెండేళ్లే జోరు, ఆపైన ఏటేటా తగ్గుతుంది. రాత్రిపూట రక్తం తాగే పురుగులున్నా గుడ్లు పడిపోతాయి, వాటి గురించి కింద ఉంది.

పెట్ట పొదుగుకు కూర్చుంది. లేవదీస్తే పొడుస్తోంది.

పిల్లలు కావాలంటే, పుంజుతో తిరిగిన పెట్టల గుడ్లు 8–12 పెట్టి 21 రోజులు వదిలేయండి. గుడ్ల మీద పెన్సిలుతో గుర్తు పెట్టండి, ఎందుకంటే వేరే పెట్టలు వచ్చి కొత్త గుడ్లు కలుపుతాయి. గుర్తు లేనివి రోజూ తీసేయాలి. ఏడో రోజు చీకట్లో టార్చి వెలుగుకు గుడ్డు పట్టి చూస్తే సన్నటి రక్తనాళాలు కనిపించాలి. ఏమీ కనిపించనివి తీసేయండి, కుళ్లి పగిలితే మిగతావాటినీ పాడుచేస్తాయి.

పిల్లలు వద్దనుకుంటే ఊరికే వదలకండి. పొదిగే పెట్ట రోజుకు ఒకట్రెండుసార్లే లేచి తింటుంది, వారాల తరబడి అలా ఉంటే చిక్కిపోతుంది. అడుగున తీగ జల్లెడ ఉన్న పంజరాన్ని ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, లోపల గడ్డి, పొట్టు ఏమీ లేకుండా, దాణా, నీళ్లతో 3–4 రోజులు అందులో ఉంచండి. వెలుతురున్న చోటే పెట్టండి. కడుపు కింద గాలి ఆడి చల్లబడితే పొదుగు కోరిక తగ్గుతుంది. వదిలాక మళ్లీ పెట్టెకే పరిగెత్తితే ఇంకో రెండు రోజులు. నీళ్లలో ముంచడం, ఆకలికి మాడ్చడం వంటివి చేయకండి, అవి హింసే తప్ప పని చేయవు. తిరిగి గుడ్లకు రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు.

గుడ్డు పెంకు పలచగా ఉంది, ఒక్కోసారి పెంకే లేదు.

కొత్తగా మొదలుపెట్టిన పెట్టకు మొదటి వారాల్లో ఇది మామూలే. ముదురు పెట్టల్లో కనిపిస్తే కాల్షియం చూడండి. ఒక్కో పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. ఆల్చిప్పల ముక్కల్ని వేరే గిన్నెలో పెట్టండి, దాణాలో కలపకండి. కావలసినంత అవే తింటాయి, పుంజులు, పిల్లలు వదిలేస్తాయి. ఎండాకాలంలో పెంకు పలచబడటానికి మరో కారణముంది: కోడి రొప్పినప్పుడు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి, పెంకుకు కావలసిన కార్బొనేటు రక్తంలో తగ్గుతుంది. అప్పుడు ఎంత ఆల్చిప్ప పెట్టినా లాభం తక్కువ, నీడే మందు.

గుడ్లు పగలగొట్టి తాగుతోంది.

ఎక్కువగా ఇది పలచటి పెంకు పగలడంతో, లేదా పెట్టెలో పొట్టు తక్కువై గుడ్డు చిట్లడంతో మొదలవుతుంది. రుచి తెలిశాక అలవాటవుతుంది, మిగతావి చూసి నేర్చుకుంటాయి. రోజుకు రెండు మూడుసార్లు గుడ్లు తీయండి. పెట్టెలో 3 అంగుళాల పొట్టు వేసి, ముందు గుడ్డ పరదా కట్టి చీకటి చేయండి. పింగాణీ గుడ్డో, గోల్ఫ్ బంతో పెట్టండి. ఎంత పొడిచినా పగలకపోతే విసిగి మానేస్తాయి. మొండికేస్తే పెట్టె అడుగు ఏటవాలుగా చేసి, గుడ్డు దొర్లి ముక్కుకు అందని అరలోకి పోయేలా అమర్చండి.

ఒకదాన్నొకటి రక్తం వచ్చేలా పొడుచుకుంటున్నాయి.

రెండు విషయాలు వేరు చేసి చూడాలి. మందలో ఎవరి ముందు ఎవరు తినాలనే పెద్దరికపు వరుస ఉంటుంది. నార్వేకు చెందిన తోర్లీఫ్ షెల్డరప్-ఎబ్బె 1920ల మొదట్లో కోళ్లను గమనించే దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. తల మీద ఒక పోటు, చిన్నది పక్కకు తప్పుకోవడం, అంతటితో అయిపోవడం: ఇది ఆ వరుస, జోక్యం వద్దు. ఈకలు పీకడం, తోక దగ్గరో మలద్వారం దగ్గరో రక్తం తీయడం మాత్రం వేరే జబ్బు.

రక్తం కనబడిన కోడిని ఆ క్షణమే విడదీయండి. ఎరుపు రంగు మిగతావాటిని రెచ్చగొడుతుంది, గంటల్లో చంపేయగలవు. ఉప్పు నీటితో గాయం కడిగి, యాంటీసెప్టిక్ పూసి, పొర కట్టేదాకా వేరుగా, వీలైతే మంద కంటికి కనిపించే చోటే ఉంచండి. పూర్తిగా కనుమరుగైతే తిరిగి కలపడం కష్టం.

తర్వాత కారణం వెతకాలి. చోటు చాలకపోవడం మొదటిది. మేత గిన్నె ఒక్కటే ఉండి బలమైనది కాపలా కాయడం రెండోది, ఇంకో గిన్నె దూరంగా పెట్టండి. మాంసకృత్తులు 16 శాతం కంటే తగ్గడం, మరీ ప్రకాశవంతమైన బల్బు, ఒంటి మీద పేలు మిగతావి. పని లేకపోవడం కూడా పెద్ద కారణమే. కోడి పగలంతా నేల గీరుతూ ముక్కుతో వెతకాలి. ఆకుకూర కట్టను కోడి తల ఎత్తులో వేలాడదీయండి, పొట్టులో గుప్పెడు గింజలు చల్లండి, కొమ్మలు, దుంగలు వేయండి. ఒకే కోడి అందరినీ పీకుతుంటే దెబ్బతిన్నదాన్ని కాక ఆ దౌర్జన్యం చేసేదాన్ని వారం రోజులు వేరుచేయండి. తిరిగొచ్చేసరికి వరుస మారి దాని స్థానం కిందికి జారుతుంది.

కొత్త కోళ్లను పాత మందలో ఎలా కలపాలి?

మూడు నాలుగు వారాలు వేరే గూట్లో, వేరే గిన్నెలతో ఉంచండి. రోగం ఉంటే ఆలోగా బయటపడుతుంది. పాతవాటి పని ముగించాకే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి, చెప్పులు మార్చుకోండి. తర్వాత వారం పది రోజులు తీగ కంచెకు అటూ ఇటూ, చూసుకునేలా కానీ అందకుండా ఉంచండి. ఆపైన రాత్రి కర్ర మీదికి చేర్చి, పొద్దున్నే మీరు దగ్గరుండి చూడండి. ఒక్కదాన్ని ఎప్పుడూ కలపకండి, కనీసం రెండు ఉండాలి. పిల్లలైతే పెద్దవాటి సైజుకు దగ్గరగా వచ్చేదాకా ఆగండి.

గుడ్ల కోసం పుంజు ఉండాలా? తెల్లారకముందే కూత, మనుషుల మీదికి దూకడం ఎలా ఆపాలి?

గుడ్లకు పుంజు అక్కర్లేదు, పిల్లలకే కావాలి. 8–12 పెట్టలకు ఒక్కటి చాలు. తక్కువ పెట్టలుంటే వాటి వీపు మీది ఈకలు పోయి బోడి అవుతాయి.

కూత వెలుతురు వల్ల మాత్రమే రాదు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో పుంజుల్ని నిరంతర మసక వెలుతురులో ఉంచి చూస్తే, ఒంట్లోని గడియారాన్ని బట్టే కూశాయి. 2015లో అదే బృందం మందలో పెద్దది ముందు కూస్తుందని, మిగతావి వరుసలో అందుకుంటాయని చూపింది. కాబట్టి గూడు చీకటి చేస్తే కొంత ఆలస్యం చేయగలరేమో కానీ కూత ఆగదు. పక్కిళ్ల వాళ్లకు ఇబ్బందైతే పుంజు లేకుండా పెంచడమే సరైన నిర్ణయం.

మీదికి దూకే పుంజును తన్నకండి, దాన్ని అది పోటీగా తీసుకుంటుంది. వెనక్కి పరిగెత్తకుండా, నెమ్మదిగా దాని వైపు నడిచి పక్కకు తప్పుకునేలా చేయండి. లేదా చంకలో ఇరికించుకుని కాసేపు మోయండి. నెల ప్రయత్నించినా మారకపోతే, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ పుంజును ఉంచొద్దు. కాలి ముల్లు కంటికి తగిలితే చూపు పోతుంది.

పిల్లలకు ఎంత వేడి కావాలి?

మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ 21 దాకా తేవాలి. థర్మామీటరు కంటే పిల్లలే బాగా చెబుతాయి: బల్బు కింద కుప్పగా చేరి అరుస్తుంటే చలి, దూరంగా రెక్కలు చాచి నోరు తెరిస్తే వేడి, అంతటా పరుచుకుని తింటుంటే సరిగ్గా ఉంది. తెచ్చిన వెంటనే ఒక్కోదాని ముక్కును నీళ్లలో తడపండి, ఆ తర్వాతే దాణా. నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వేస్తే మునిగి చావవు. అడుగున నున్నటి పేపరు వద్దు, కాళ్లు జారి ఎడంగా సాగి అవిటివవుతాయి.

వెనక రెట్ట గట్టిపడి మూసుకుపోతే గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో మెత్తబరిచి తీయండి, లాగకండి. 3–6 వారాల వయసులో రెట్టలో రక్తం కనిపిస్తే కాక్సిడియోసిస్ అనుకోవాలి. తడి పొట్టులో వ్యాపించే పరాన్నజీవి వల్ల వచ్చే పేగు జబ్బు అది. పశువైద్యుడు చెప్పిన మోతాదులో ఆంప్రోలియం మందు నీళ్లలో కలపండి. ఆ రోజుల్లో బి1 విటమిన్ ఉన్న టానిక్కులు ఆపండి, మందు పని చేయకుండా అడ్డుపడతాయి.

పేలు, పురుగులు ఉన్నాయేమో ఎలా తెలుస్తుంది?

ఒంటి మీదే ఉండే పేలు మలద్వారం చుట్టూ ఈకల మొదట్లో తెల్లటి గుడ్ల గుత్తులు పెడతాయి. ఈక పాయ తీసి చూస్తే దొరికిపోతాయి. ఎర్ర పురుగులు వేరు: పగలు కర్ర సందుల్లో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. చీకటి పడ్డ రెండు గంటలకు టార్చితో కర్ర అడుగు చూడండి, తెల్ల కాగితంతో తుడిస్తే రక్తపు మరకలు అంటుతాయి. వీటికి కోడి కంటే గూటికే మందు ముఖ్యం. పొట్టంతా తీసి, కడిగి, ఎండబెట్టి, సందుల్లో కోళ్ల గూళ్లకు అనుమతి ఉన్న పెర్మెత్రిన్ మందు కొట్టి, 7 రోజులకు మళ్లీ కొట్టండి. మందుకు గుడ్లు చావవు, అందుకే రెండోసారి. ఒంటి పేలకు కూడా పది రోజులకు మరోసారి వేయాలి. ఏ మందైనా ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో లేబులు మీద చదవండి.

కాళ్ల పొలుసులు పైకి లేచి గరుకుగా ఉంటే అది కాలి పొలుసు పురుగు. గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పాత బ్రష్షుతో మెల్లగా రుద్ది, పెట్రోలియం జెల్లీ మందంగా పూయండి. వారానికి రెండు మూడుసార్లు, కొన్ని వారాలు చేయాలి. కిరోసిన్ పూయొద్దు, చర్మం కాలుతుంది.

రెండడుగుల చదరపు పెట్టెలో 8 అంగుళాల లోతున పొడి మట్టి, ఇసుక, కొంచెం కట్టెల బూడిద వేసి వాన తగలని చోట పెట్టండి. మట్టి స్నానం కోడికి ఒళ్లు శుభ్రం చేసుకునే దారి. అది చేస్తూ పక్కకు ఒరిగి పడి ఉంటే చచ్చిపోయిందని కొత్తవాళ్లు హడలిపోతుంటారు.

ఎండకు నోరు తెరిచి రొప్పుతున్నాయి.

కోడికి చెమట గ్రంథులు లేవు. రొప్పడం, రెక్కలు ఎడం చేయడం, తురాయి ద్వారా వేడి వదలడం, ఇంతే దాని చేతిలో ఉన్నది. 35 డిగ్రీలు దాటితే జాగ్రత్త పడాలి. నీడలో రెండు మూడు చోట్ల చల్లటి నీళ్లు పెట్టి మధ్యాహ్నం మార్చండి. అరిగించుకునేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కనుక దాణా తెల్లవారుజామున, సాయంత్రం పెట్టండి. వాడిపోయి మెడ వాల్చిన కోడిని కాళ్లు, పొట్ట మునిగేలా చల్లటి నీటిలో కొన్ని నిమిషాలు ఉంచండి. మంచు నీళ్లు వద్దు, తల ముంచొద్దు.

రెట్ట గోధుమరంగులో జిగటగా, దుర్వాసనతో ఉంది. రోగమా?

కాదు. ప్రతి ఎనిమిది పది రెట్టల్లో ఒకటి పేగు సంచుల నుంచి అలా వస్తుంది. మామూలు రెట్ట గట్టిగా, పైన తెల్లటి టోపీతో ఉంటుంది. రక్తం, పురుగులు, రోజుల తరబడి ఆకుపచ్చ నీళ్ల విరేచనం, ఇవీ పట్టించుకోవాల్సినవి.

కోడి ముడుచుకుని మూల కూర్చుంది. ఏం చూడాలి?

కోడి జబ్బును వీలైనంత కాలం దాచుకుంటుంది, బయటికి కనిపించిందంటే అప్పటికే ముదిరింది. వేరు చేసి, వెచ్చటి చోట ఉంచి, ఒక వరుసలో తడమండి. రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలితే చాలా రోజులుగా తినడం లేదు. మెడ కింద మేత సంచి పొద్దున్నే ఖాళీగా ఉండాలి. గట్టిగా ఉంటే పొడవాటి గడ్డి అడ్డుపడింది, నీళ్ల సంచిలా మెత్తగా ఉండి నోరు పులిసిన వాసన వస్తే బూజు పట్టింది. తలకిందులు చేసి కక్కించకండి, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అరికాలులో నల్లటి పక్కు, వాపు ఉంటే చీము పట్టిన పుండు.

పెట్ట నిటారుగా నిలబడి, తోక కిందికి పైకి కదుపుతూ ముక్కుతుంటే గుడ్డు ఇరుక్కుందేమో అనుమానించండి. 38–40 డిగ్రీల నీళ్లలో నడుము దాకా 20–30 నిమిషాలు కూర్చోబెట్టి, ఆరబెట్టి, చీకటి గదిలో వెచ్చగా ఉంచండి. కడుపు నొక్కి గుడ్డు పగలగొట్టే ప్రయత్నం చేయొద్దు, పెంకు లోపల కోస్తుంది. కొన్ని గంటల్లో రాకపోతే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

గూటికి మామూలు కోడి వల చాలదా?

ఆ వల కోడిని లోపల ఉంచుతుంది కానీ శత్రువును బయట ఉంచదు. కుక్క పళ్లతో చింపేస్తుంది, పాము, ఎలుక సందుల్లోంచి దూరుతాయి. అర అంగుళం కన్నాల వెల్డింగ్ జాలీ వాడండి. నేల కింద తవ్వి వచ్చేవాటికి అదే జాలీని గూటి చుట్టూ బయటికి 12–18 అంగుళాల మేర పరిచి మట్టి కప్పండి. తలుపుకు తిప్పే చెక్కముక్క కాకుండా రెండు కదలికలతో తెరుచుకునే గడియ బిగించండి. రాత్రి మిగిలిన దాణా గూట్లో వదలకండి, ఎలుకలు దాని కోసమే వస్తాయి, వాటి వెనకే పాములు.

ఎగిరి గోడ దాటుతున్నాయి.

ఒక్క రెక్కలోని పది పెద్ద ఈకల్ని సగానికి కత్తిరించండి. రెండు రెక్కలూ కత్తిరిస్తే తూకం కుదిరి మళ్లీ ఎగురుతాయి. ఈక కాడలో నల్లగా రక్తం కనిపిస్తే అది ఇంకా పెరుగుతోంది, వదిలేయండి.

గుడ్లు కడిగి దాచాలా?

పెంకు మీద కంటికి కనిపించని సహజ పొర ఉంటుంది, అది సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటుంది. శుభ్రంగా ఉన్న గుడ్డును కడగకండి, పొడి గుడ్డతో తుడవండి. కడగాల్సి వస్తే గుడ్డు కంటే వెచ్చటి నీళ్లు వాడండి. చన్నీళ్లకు లోపలిది ముడుచుకుని మురికిని రంధ్రాల్లోంచి లోపలికి లాగుతుంది. కడిగింది ఫ్రిజ్‌లోనే ఉండాలి. కోళ్లను, గుడ్లను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి. అయిదేళ్ల లోపు పిల్లల్ని కోడిపిల్లలకు ముద్దులు పెట్టనివ్వకండి, ఆరోగ్యంగా కనిపించేవాటిలోనూ సాల్మొనెల్లా అనే రోగకారక బ్యాక్టీరియా ఉండొచ్చు.

ఒకే రోజు రెండు మూడు కోళ్లు చనిపోయాయి.

మెడ తిప్పేసుకోవడం, ఆకుపచ్చ విరేచనం, గురక ఉంటే కొక్కెర తెగులు అయ్యుండొచ్చు. దానికి చికిత్స లేదు, టీకాయే దారి. మొదటి వారంలో కంట్లో లేదా ముక్కులో చుక్క, తర్వాత పశువైద్యుడు చెప్పిన తేదీల్లో మిగతావి వేయించాలి. తల వాచి, తురాయి నీలంగా మారినా, ఏ లక్షణమూ చూపకుండానే వరసగా పడిపోతున్నా బర్డ్ ఫ్లూ అనుమానించాలి. చనిపోయినవాటిని ఒట్టి చేతులతో ముట్టుకోకండి, కోయకండి, తినకండి. మిగిలినవాటిని అమ్మడం, వేరే చోటికి తరలించడం ఆపి, అదే రోజు పశువైద్య శాఖకు ఫోన్ చేయండి.